చిలక కొక్కేనికి మూడు తాళాలు

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. జీతం కాగితం మీద తప్ప దాన్ని ఎవరూ వాడరు. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి "మూడుకాపీలమ్మ ఎక్కడుంటుంది?" అని అడిగి చూడండి, వాచ్‌మన్ దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా ఎవరైనా చెబుతారు.

ఆ పేరు ఊరికే రాలేదు లెండి. గొడుగు కొంటే మూడు కొంటుంది, ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి, చేతిసంచిలో ఒకటి. కళ్ళజోళ్ళు మూడు. టార్చిలైట్లు మూడు. "పెళ్ళి మాత్రం ఒక్కటే చేసుకుంది, అక్కడికి నా అదృష్టం" అని ఆవిడ మొగుడు, బడిలో పీటీ మాస్టారు, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంటాడు. వచ్చినవాళ్ళు నవ్వుతారు, ఆవిడా నవ్వుతుంది, గొడుగులు మాత్రం మూడే ఉంటాయి.

ఈ పిచ్చి పట్టింది ఎక్స్‌రే రికార్డు గదిలో. ఇరవై రెండేళ్ళ పిల్లగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆవిడ పని ఒకటే, పెద్ద పెద్ద కవర్లలో ఫిల్ములు పెట్టడం, అడిగినప్పుడు తీసివ్వడం. ఎంత జాగ్రత్తగా పెట్టినా నెలకో ఫిల్ము మాయమయ్యేది. ఏ డాక్టరో పట్టుకెళ్ళి ఏ బల్ల మీదో మరిచిపోయేవాడు. రోగి కిటికీ దగ్గర నిలబడి ఆవిడ మొహంలోకి చూసేవాడు. ఆ చూపుకి ఆవిడకి ఆ పూట అన్నం సయించేది కాదు. తరవాత కంప్యూటర్లొచ్చాయి. పాత గుమాస్తాలందరూ కొంప మునిగిందని గోలపెడుతుంటే, ఈవిడ బిగించడానికొచ్చిన ఇంజనీరుని పట్టుకుని అడిగింది, "ఇందులో బొమ్మ పోతే ఎక్కడ వెతుక్కోవాలి నాయనా?" అని. "పోదమ్మా. ఒక్కటే మూడు చోట్ల ఉంటుంది. ఒకచోట పోయినా రెండు చోట్ల ఉన్నట్టే" అన్నాడతను. అంతే. మనసు పారేసుకోవడం అంటే అదే. పుస్తకాలు తెప్పించుకుని, రాత్రి బడికి వెళ్ళి, తప్పుల మీద తప్పులు చేసి, పదిహేనేళ్ళలో ఆ పెట్టెలన్నిటికీ పెద్దదిక్కైంది.

ఆ పెట్టెలే క్లస్టరు. కింది అంతస్తులో చల్లటి గది, గదిలో మూడు వరుసల ఇనప చట్రాలు, వాటినిండా పెట్టెలు, పెట్టెల నిండా డిస్కులు. ఆసుపత్రిలో ఎవరికి ఏ స్కాన్ తీసినా అది మూడు కాపీలై ఒక్కో వరుసలో ఒక్కోటి కూర్చుంటుంది. ఒక వరుసకి వరుసే కరెంటు పోయినా మిగతా రెండూ పని నడిపించేస్తాయి. డిస్కు చస్తే మిగిలినవి వాటిలో అవే సర్దుకుని కొత్త కాపీ రాసేసుకుంటాయి, ఆవిడ వెళ్ళి చచ్చిన డిస్కు లాగేసి కొత్తది తోస్తుంది. అయితే ఒక్క చిక్కుంది. క్లస్టరుకి కళ్ళు లేవు. ఏ పెట్టె ఏ వరుసలో ఉందో మనం పటం గీసిస్తే అది నమ్ముతుంది. ఆ పటంలో ఏముంటే దానికదే లోకం.

ఇక ఆ గది మోత సంగతి. కొన్ని వందల ఫ్యాన్లు ఒక్కసారిగా తిరుగుతుంటే చెవులు గింగుర్లెత్తిపోతాయి. లోపలికెళ్ళిన ప్రతివాడూ ముందు చెవులు మూసుకుంటాడు, తరవాతే మాట్లాడతాడు. అందుకే ఆవిడ కుర్చీ మూడో అంతస్తులో వేయించుకుంది. అక్కడి కంప్యూటర్ తెర మీద అంతా బాగుందని పచ్చగా చూపిస్తే కిందికి దిగదు.

ఆ శుక్రవారం తెర మీద పచ్చగానే ఉంది.

మధ్యాహ్నం చెవి డాక్టరమ్మ వచ్చింది. రేపు శనివారం రెండో వరుసకి వైర్లు మారుస్తున్నారని, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ వరుసకి కరెంటు ఉండదని అందరికీ కబురెళ్ళింది. పాత వైర్లు వేడెక్కిపోతున్నాయి, ఇంక ఆపడానికి లేదు.

"రేపు నా ఆపరేషన్లు వాయిదా వేసుకోనా? ఆపరేషన్ చేస్తున్నంతసేపూ స్కాన్ తెర మీద ఉండాలి. మధ్యలో పోతే నేను చీకట్లో చెయ్యి పెట్టినట్టే" అంది డాక్టరమ్మ.

"వరుస పోతే పోనీయండి డాక్టరుగారూ, మిగతా రెండూ ఉన్నాయిగా" అంది మూడుకాపీలమ్మ.

డాక్టరమ్మ వెనకాల ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. జేబుకి ఇంకా ఈల వేలాడుతూనే ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని ఐదేళ్ళ మనవరాలు. రెండున్నరేళ్ళప్పుడు మెదడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. వచ్చీరాని మాటలు కూడా దాంతోనే పోయాయి. లోపల తీగ పెట్టి వినిపించే మిషను అమర్చవచ్చు. కానీ ఆ జ్వరం వచ్చిన చెవిలో ఎముక గట్టిపడుతూ పోతుంది. ఇప్పుడు తీగ దూరే సందుంది, కొన్నాళ్ళు పోతే ఉండదు. ఒకసారి పాపకి జలుబు చేసి, ఇంకోసారి ఆపరేషన్ గదిలో ఏసీ చెడిపోయి, రెండుసార్లు వాయిదా పడింది. డాక్టరమ్మ సోమవారం నుంచి నెలన్నర ఉండదు.

"మీరు ఊ అంటే రేపు జరుగుతుందటమ్మా" అన్నాడు కండక్టరు తాత. బస్సులో వెనక సీటుకి వినపడేంత గొంతు ఆయనది. "ముందూ వెనకా చూసుకుని చెప్పండి. కాదంటే కాదనండి, ఏమనుకోను."

ఏమనుకోనన్న మనిషి కళ్ళు ఏమంటున్నాయో ఆవిడకి అర్థం కాదా! ఎక్స్‌రే కిటికీ దగ్గర ఎన్ని చూసింది ఆ చూపులు. తెర వైపు మరోసారి చూసింది. మూడు వరుసలు, మూడూ పచ్చగా.

"ఊ" అంది. "నాదీ పూచీ. నిశ్చింతగా ఉండండి."

తాత రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. పాప ఆవిడ బల్ల మీదున్న కళ్ళజోడు తీసి పెట్టేసుకుంది.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి ఇస్త్రీ వచ్చాడు. ఇస్త్రీ అంటే ఆవిడ కింద పనిచేసే కుర్రాడు, ఏడాదైంది చేరి. చొక్కా మీద ఒక్క మడత కనపడనివ్వడు, పెన్నులన్నీ ఒకే వైపు తిప్పి పెడతాడు, అందుకని ఆ పేరు. మంచివాడు, పని దొంగ కాదు. రోగమల్లా ఒకటే, సర్దే రోగం.

"అక్కా, మొన్న పెద్దసారు కింద గది చూడ్డానికొచ్చారు కదా. బ్రహ్మాండం అన్నారు. మీరు వైరింగు మీటింగుల్లో ఉండి రాలేదు గానీ, మీరొచ్చి చూడాల్సింది, అద్దంలా పెట్టాను" అన్నాడు మొహం వెలిగిపోతూ.

సర్దమని తనే చెప్పింది. "సారొస్తున్నాడు, కాస్త సర్దు నాయనా" అని. "శభాష్" అని భుజం తట్టింది. ఆ రోజు కాస్త తొందరగానే ఇంటికి బయల్దేరింది, మనసు తేలిగ్గా ఉంది, దారిలో రెండు వీధుల దాకా కూనిరాగం కూడా తీసింది.

ఇంటి ముందుకొచ్చేసరికి మెట్ల మీద మొగుడు. స్కూలు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఆట ఓడిపోయిన పిల్లాడి మొహం వేసుకుని కూర్చున్నాడు. పక్కన అత్తగారు. అత్తగారు మామూలుగా ఎవరినైనా ఏదైనా అనకుండా పావుగంట ఉండలేదు, అలాంటిది చెట్ల వంక చూస్తోంది. ఏదో ముంచుకొచ్చిందని ఆవిడకి అప్పుడే అర్థమైంది.

"ఏమైందండీ?"

"గాలికి తలుపు మూసుకుని తాళం పడిపోయింది. మా అమ్మ పక్కింట్లో కబుర్లకి వెళ్ళి వచ్చేలోగా" అన్నాడు పీటీ మాస్టారు.

"పడితే ఏమైంది? మూడు తాళాలున్నాయిగా" అని సంచి లోపలి జిప్పు తీసింది. లేదు. మళ్ళీ వెతికింది, సంచి తలకిందులు చేసి మెట్ల మీద కుమ్మరించింది. గొడుగు పడింది, టార్చిలైటు పడింది, తాళం పడలేదు. "మీ స్కూటరు డిక్కీలోది?"

"అదీ లేదు."

"కింద కుట్టుమిషనావిడ దగ్గర ఇచ్చింది?"

"ఆవిడ దగ్గర్నుంచి నేనే తెచ్చేశా" అంది అత్తగారు, చెట్ల వంకే చూస్తూ. "మన ఇంటి తాళం వాళ్ళింట్లో ఎందుకు, మనకి చేతులు లేవా? నీ సంచిలోదీ తీశా, వాడి డిక్కీలోదీ తీశా. ఒక్కోటి ఒక్కో దిక్కున చిందరవందరగా పడి ఉంటే చూడ్డానికి బాగుందా? మొన్న బజార్లో చిలక బొమ్మున్న కొక్కెం కొన్నాగా, దానికి మూడూ ఒకచోట తగిలించా. ఎంత ముచ్చటగా ఉన్నాయో తెలుసా?"

"చూద్దామంటే తలుపు తీయాలిగా అమ్మా!" అన్నాడు కొడుకు.

"నేనేమన్నా కావాలని చేశానా? సర్దానంతే!"

మూడుకాపీలమ్మకి పగలబడి నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా మూడు మూడంటూ ఊదరగొట్టిన మనిషి ఇంటి బయట మెట్ల మీద! కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతూ, "మూడూ ఒకచోటే పెడితే ఇంక మూడెందుకు అత్తయ్యా, ఒకటి చాలదూ?" అంది.

అని, నోరు అలాగే తెరుచుకుని ఆగిపోయింది.

సర్దాను. అద్దంలా పెట్టాను. బ్రహ్మాండం.

ఫోను తీసి ఇస్త్రీకి కొట్టింది. "నాయనా, కింద గది సర్దానన్నావు కదా. ఏం సర్దావు?"

"కొత్త పెట్టెలు ఆరున్నాయి కదక్కా. వరుసకి రెండు చొప్పున అతుకుల బొంతలా ఉండేవి. ఆరూ ఒకే రకం కదా, అన్నీ రెండో వరుసలో ఒకదాని కింద ఒకటి పెట్టేశా. ఒక్కోటి ఆపి, ప్యూన్లని సాయం పెట్టుకుని మార్చి, మళ్ళీ పెట్టా. ఒక్క ఫైలు పోలేదు. తెర మీద పచ్చగానే ఉందిగా!"

"పటం మార్చావా?"

"ఏ పటం?" అన్నాడు ఇస్త్రీ.

పెట్టెలు కదిలాయి, పటం కదల్లేదు. ఒకటో వరుసలో ఉన్నదని క్లస్టరు అనుకుంటున్న పెట్టే, మూడో వరుసలో ఉన్నదనుకుంటున్న పెట్టే, అన్నీ నిజానికి రెండో వరుసలోనే కాపురం. ఏ స్కాన్‌కైతే మూడు కాపీలూ ఆ కొత్త పెట్టెల్లోనే పడ్డాయో, రేపు ఎలక్ట్రీషియన్ స్విచ్ నొక్కగానే అవి మూడూ ఒకేసారి మాయం. ఏవి పడ్డాయి? ఎవరివి? ఎన్నో వేల స్కాన్లు. అందులో పాపది ఉండచ్చు, ఉండకపోవచ్చు. పాప ఒక్కదానిదే అయితే విడిగా తీసి పెట్టచ్చు, రేపు ఆపరేషన్లున్న మిగతావాళ్ళ మాటేమిటి? ఏ యాక్సిడెంటు కేసో వస్తే, దాని పాత స్కాన్ మాటేమిటి?

దాచిపెట్టే మనిషి కాదావిడ. మెట్ల మీదే నిలబడి డాక్టరమ్మకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఎనిమిదింటికి రేపటి వాళ్ళందరికీ ఖరారు చెప్పాలి. అప్పటికి మీరు ఖాయంగా చెప్పగలిగితే చేస్తా. లేకపోతే వాయిదా. నన్ను తప్పుపట్టకండి" అంది డాక్టరమ్మ.

"తప్పెందుకు పడతాను, మీరే కరెక్టు" అంది ఆవిడ. ఫోను పెట్టేసి, మెట్ల మీద పడ్డ సామానంతా సంచిలో కుక్కింది. "నేను ఆసుపత్రికి పోతున్నా."

"మరి మేమో?" అంది అత్తగారు. తాళాలు బాగుచేసేవాడు తొమ్మిదింటికి గానీ రాడట. కుట్టుమిషనావిడ తాళం లాక్కున్న అలకలో తలుపేసుకుంది. ఇక చేసేదేముంది, ముగ్గురూ ఆటో ఎక్కారు.

కింది అంతస్తులో ఇస్త్రీ అప్పటికే ఎదురుచూస్తున్నాడు. చొక్కా నలిగిపోయింది. ఆ కుర్రాడి చొక్కా నలగడం చూసి ఆవిడకి తిట్టాలన్న కోపం సగం చచ్చిపోయింది.

"అక్కా, నన్ను చంపెయ్యండి."

"చంపితే పెట్టెలెవరు మోస్తారు? పద. పటం మార్చి సరిపెడదామంటే డేటా అటూ ఇటూ మారడానికి రెండ్రోజులు పడుతుంది. పెట్టెలే వెనక్కి మోద్దాం. రెండు ఒకటో వరుసకి, రెండు మూడో వరుసకి. ఒక్కోసారి ఒక్కటే ఆపాలి. అది మళ్ళీ లేచి, వెనకబడ్డదంతా రాసుకుని, పచ్చగా అయ్యాకే రెండోది. తొందరపడి రెండు ఒకేసారి లాగావో, నేనే చంపుతా."

ముందు క్లస్టరుకి ఒక మాట చెప్పి పెట్టింది. "పెట్టెలు ఇలా వెళ్ళి అలా వస్తాయి, కంగారుపడి కొత్త కాపీలు రాయడం మొదలెట్టకు" అని. దానికో గుర్తుంటుంది, అది పెట్టేసి పనిలోకి దిగారు.

ఒక్కో పెట్టె ఇద్దరు మగాళ్ళు మోసే బరువు. ఇస్త్రీ ఒక్కడూ ఒక వైపు, ఆవిడ ఒక వైపు ఎత్తబోయేసరికి నడుం కలుక్కుమంది. తలుపు దగ్గర నిలబడ్డ పీటీ మాస్టారు బ్యాగు కింద పెట్టి చొక్కా చేతులు మడిచాడు.

"తప్పుకోవోయ్. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల చేత బస్కీలు తీయిస్తున్నా, ఇవాళ్టికి పనికొచ్చింది."

వాచ్‌మన్ వచ్చి బయటివాళ్ళకి ప్రవేశం లేదన్నాడు. "బయటివాడా? నా మొగుడయ్యా!" అందావిడ. పెద్దసారుకి ఫోను చేసి అనుమతి ఇప్పించేదాకా వాచ్‌మన్ కదల్లేదు. అతని పని అతను చేశాడు, ఏమనడానికీ లేదు.

అత్తగారిని బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా, "అమ్మో, చెవులు చిల్లులు పడిపోతున్నాయి! మనుషులుండే చోటేనా ఇది? దీనికోసమా మా కోడలు పొద్దున్నే పరిగెత్తేది?" అని ఒకటే సణుగుడు. అలా సణుగుతుండగా వరండాలో అటూ ఇటూ పరిగెడుతున్న పిల్ల ఒకత్తి వచ్చి ఆవిడ ముందు నిలబడింది. వెనకాలే ఈల జేబు తాత. రేపటి ఆపరేషన్ కోసం వాళ్ళని ఆ సాయంత్రమే వార్డులో చేర్చుకున్నారు.

"ఏమ్మా, నీ పేరేంటి?" అంది అత్తగారు. పిల్ల నవ్వింది. "అడుగుతుంటే చెప్పవే? పొగరా?"

"వినపడదమ్మా దానికి" అన్నాడు తాత. బెంచీ చివర కూర్చుని సంగతంతా చెప్పుకొచ్చాడు. రేపు ఆపరేషనని, ఈసారి ఖాయమని, లోపల ఒక మహాతల్లి పూచీ ఇచ్చిందని. ఎముక గట్టిపడే సంగతి కూడా చెప్పాడు. రోజూ పొద్దున్నే పిల్ల వెనక నిలబడి ఈల వేస్తాడట, ఏ రోజైనా తిరిగి చూస్తుందేమోనని.

"ఒక్క రోజైనా తిరిగిందా?" అంది అత్తగారు.

"లేదమ్మా."

అత్తగారు చెంగుతో పిల్ల మూతి తుడిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మళ్ళీ తలుపు తెరుచుకుని మోత బయటికొచ్చినప్పుడు సణగలేదు. "త్వరగా కానీయండ్రా!" అని ఒక్క కేక మాత్రం పెట్టింది.

మొదటి రెండు పెట్టెలూ నల్లేరు మీద బండిలా నడిచిపోయాయి. మూడోదాన్ని మూడో వరుసకి చేర్చి కేబులు తగిలించబోతే అందలేదు. జానెడు తక్కువ. ఎందుకు తక్కువ? ఇస్త్రీ బాబు అందం కోసం రెండో వరుసకి సరిగ్గా కొలిచి కత్తిరించి కట్టాడు మరి! వాడు నెత్తి కొట్టుకోబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది. పొడుగు కేబుళ్ళు ఆవిడ దగ్గర లేకపోవడమా? "పై అంతస్తు నా బల్ల సొరుగు, లేకపోతే రికార్డు గది బీరువా, లేకపోతే వాచ్‌మన్ గదిలో నా పాత సంచి. పరిగెత్తు!" వాడు పరిగెత్తాడు. సొరుగులోదీ బీరువాలోదీ చంకనేసుకొచ్చాడు.

నాలుగో పెట్టె చోటులో కూర్చునేసరికి ఏడున్నర దాటింది. అందరూ ఆ గది మూలనున్న తెర ముందు నిలబడ్డారు. వెనకబడ్డదంతా రాసుకోవడం అయిపోయింది. అంకెలన్నీ సున్నాకొచ్చాయి. కానీ తెర పచ్చబడలేదు. పసుపు పచ్చగా అలాగే ఉంది.

ఆవిడకి చెమటలు పట్టాయి, అంత చల్లటి గదిలో. పెట్టెలన్నీ లేచాయి, డిస్కులన్నీ ఉన్నాయి, పటం చూస్తే పటం సరిగ్గానే ఉంది. మరెందుకీ పసుపు? ఒకటికి రెండుసార్లు చూసింది. గడియారం చూడనని ఒట్టు పెట్టుకుని మరీ చూసింది, ఎనిమిదికి పది నిమిషాలు.

"అక్కా" అన్నాడు ఇస్త్రీ భయం భయంగా. "కంగారుపడకు అని పెట్టారు చూడండి, ఆ గుర్తు. తీశారా?"

తీయలేదు! పదిహేనేళ్ళుగా అందరికీ "పని అయ్యాక ఆ గుర్తు తీయడం మరిచిపోకండర్రా" అని చెప్పే మనిషి తనే మరిచిపోయింది. గుర్తు తీసింది. తెర పచ్చబడింది.

"ఒరేయ్ ఇస్త్రీ, నువ్వు బంగారంరా!" అని వాడి నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

పీటీ మాస్టారు, "ఇంక ఫోను చెయ్యి" అన్నాడు.

"ఉండండి. మధ్యాహ్నం పచ్చగా లేదూ? పచ్చని నమ్మే కదా నాదీ పూచీ అన్నది." ఎమర్జెన్సీ వార్డుకి ఒక మాట చెప్పి, డ్యూటీ డాక్టరు సరేనన్నాక రెండో వరుస స్విచ్ దగ్గరికి నడిచింది. "రేపు పోయేదేదో ఇప్పుడే పోనీ, కత్తి పట్టుకోకముందే."

నొక్కేసింది.

రెండో వరుస లైట్లన్నీ ఆరిపోయాయి. మోత ఒక్కసారి తగ్గేసరికి వరండాలో అత్తగారి మాట లోపలికి వినపడింది. తెర ఎర్రబడలేదు, పసుపు దగ్గరే ఆగింది. కొత్త పెట్టెల్లో ఉన్న స్కాన్లన్నిటినీ ఒక్కోటీ ఉందా లేదా అని క్లస్టరు చేతే లెక్క చూపించింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు పాప స్కాన్ అడిగింది. ఒక క్షణం ఏమీ రాలేదు. ఆ క్షణం ఎంత పొడుగో ఆవిడనే అడగాలి. తరవాత వచ్చింది, నల్లటి తెర మీద చిన్న నత్తగుల్ల లాంటి లోపలి చెవి, దాని చుట్టూ తెల్లటి ఎముక, మధ్యలో సన్నటి సందు.

స్విచ్ మళ్ళీ వేసి ఫోను తీసింది. "డాక్టరుగారూ, నేను. రేపు చేసుకోండి" అంది. ఇంకా ఏదో చెప్పాలనుకుంది గానీ కొంగుతో మొహం తుడుచుకుంటూ ఫోను మొగుడి వైపు చాచింది. పీటీ మాస్టారు ఫోను అందుకుని, "ఆవిడ ఏడుస్తోందండీ, సంతోషానికే లెండి, మీరు చేసేసుకోండి" అని పెట్టేశాడు.

బయటికొస్తే బెంచీ మీద పిల్ల అత్తగారి ఒళ్ళో నిద్రపోతోంది. తాత లేచి నిలబడ్డాడు. వీళ్ళ వాలకం చూసి ఆయనకి అనుమానమొచ్చింది. "ఏమన్నా ఇబ్బందా అమ్మా?"

"ఉండేది. ఇప్పుడు లేదు" అని ఆవిడ జరిగిందంతా చెప్పేసింది, తాళాలతో సహా. ఆయన విని విని, పిల్లని భుజాన వేసుకుంటూ పెద్ద గొంతుతో "అయితే రైట్ రైట్!" అన్నాడు. వరండా అంతా తిరిగి చూసింది.

ఆ రాత్రి తాళాలవాడు తలుపు తీశాక అత్తగారు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా చిలక కొక్కెం మీది మూడు తాళాలూ తనే తీసింది. ఒకటి కోడలి సంచిలో వేసింది. ఒకటి డిక్కీలో పెట్టమని కొడుక్కిచ్చింది. మూడోది పట్టుకుని, అంత పొద్దుపోయాక, కింద కుట్టుమిషనావిడ తలుపు తట్టడానికి మెట్లు దిగింది. చిలక కొక్కేనికి ఇప్పుడు ఒక గొడుగు వేలాడుతోంది.

శనివారం ఎలక్ట్రీషియన్లు వాళ్ళ పని వాళ్ళు చేసుకున్నారు, డాక్టరమ్మ తన పని తను చేసుకుంది. తీగ దూరింది.

రెండు నెలల తరవాత ఒక మధ్యాహ్నం తాత మనవరాలిని తీసుకుని వచ్చాడు. చెవి వెనక చిన్న మిషను, దానికి అంటుకున్న గుండ్రటి బిళ్ళ. వినపడటం మొదలై మూడు వారాలైందట. మొదట్లో భయపడి ఏడ్చి పీకేసేదట, ఇప్పుడు పడుకునేటప్పుడు కూడా తీయనివ్వడం లేదట. "ఈల వేస్తే తిరుగుతోందమ్మా" అని చెప్పి ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. అటు తిరిగే, "ఆ పెట్టెల గది ఒకసారి దానికి చూపించండి. నేనూ చూస్తా" అన్నాడు.

కిందికి దిగారు. ఆవిడ తలుపు తీసింది. మోత మీద పడింది. తాత చటుక్కున చెవులు మూసుకున్నాడు. ఇస్త్రీ మూసుకున్నాడు. ఇన్నేళ్ళ అలవాటున్న ఆవిడా మూసుకుంది.

పిల్ల మూసుకోలేదు. గుమ్మంలో నిలబడి, కళ్ళు ఇంతింత చేసుకుని విన్నది. నెమ్మదిగా ఒకటో వరుస దగ్గరికి నడిచి ఒక పెట్టెకి తల ఆనించింది. అక్కడ్నుంచి రెండో వరుసకి, అక్కడ్నుంచి మూడో వరుసకి. తాత చెయ్యి పట్టుకుని ఇంక పోదాం రమ్మని లాగాడు. కదల్లేదు. ఆయన చేతిని విదిలించుకుని, కొత్తగా నేర్చుకుంటున్న నాలుగైదు మాటల్లోంచి ఒకటి వెతికి తీసింది.

"ఇంకా" అంది.

మూడుకాపీలమ్మ చెవుల మీంచి చేతులు తీసేసింది. చల్లదనం బయటికి పోతోందని ఇస్త్రీ తలుపు వెయ్యబోతే, వద్దని అక్కడే నిలబడి పాపతో పాటు వింది.